యాక్ పోతే ఎవరికి నష్టం?

స్పితి నుంచి తిరిగొచ్చాక హాస్టల్లో అందరూ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "మంచు చిరుతని చూశావా?" చూడలేదండీ. ఎండాకాలంలో మంచు కరిగేకొద్దీ నీలి గొర్రెలు పైకి వెళ్తాయి, వాటి వెనకే చిరుత కూడా మనం ఎక్కలేని కొండల్లోకి వెళ్లిపోతుంది. దాన్ని చూడాలంటే జనవరి, ఫిబ్రవరిలో, నీళ్ల సీసా గడ్డకట్టే చలిలో వెళ్లాలి. అప్పుడు మనకి క్లాసులూ ల్యాబులూ ఉంటాయి. కాబట్టి ఫొటోల కోసం ఈ పేజీ తెరిచినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను చెప్పాలనుకున్నదాంట్లో చిరుత తక్కువ, లెక్కలు ఎక్కువ.

అసలు నేను అక్కడికి వెళ్లడానికి కారణం మా మామ. అందుకని ముందు ఆయన గురించి చెప్పాలి.

మా అమ్మ పుట్టిల్లు పలమనేరు వైపు, కౌండిన్య అడవి అంచున ఉండే ఒక పల్లె. 1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు చిత్తూరు జిల్లా అడవుల్లోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. మా మామ పొలం ఆ అడవిని ఆనుకునే ఉంటుంది. రెండేళ్ల కిందట, కోతకి ఇంకో వారం ఉందనగా, ఒక రాత్రి ఏనుగులు వరిమడిలోకి దిగాయి. తిన్నది కొంచెం, తొక్కింది ఎక్కువ. పోతూ పోతూ పక్కనున్న టమాటా తోటలో డ్రిప్ పైపులు కూడా పీకేశాయి. మామ నష్టపరిహారానికి కాగితాలు పెట్టుకున్నాడు. ఫొటోలు, పాస్‌బుక్ జిరాక్సులు, మళ్లీ ఫొటోలు. డబ్బులు వచ్చేసరికి తర్వాతి పంట కూడా అయిపోయింది. వచ్చింది విత్తనాల ఖర్చుకి సరిపోయింది.

ఆ సంక్రాంతికి నేను మాటల్లో ఏనుగుల్ని కాపాడుకోవాలి కదా అన్నాను. మామకి కోపం రాలేదు. నవ్వి ఒక మాట అన్నాడు: "అమ్మీ, యేనుగు దేవుడంటారు. సరే, నేనూ దండం పెడతా. దేవుడికి నైవేద్యం ఊరంతా పెట్టాల గదా? నేనొక్కణ్ణే ఎందుకు పెట్టాల?"

దీనికి సమాధానం స్కూల్లో చదివిన ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పుస్తకంలో లేదు. మొదటి సంవత్సరం అయిపోయాక సెలవుల్లో, హిమాచల్ ప్రదేశ్‌లో పనిచేసే ఒక చిన్న బృందం వాలంటీర్లు కావాలని పెట్టిన ప్రకటన కనిపించింది. "కంప్యూటర్ వచ్చి ఉండాలి, బరువులు మోయగలగాలి, స్నానం లేకపోయినా ఉండగలగాలి" అని ఉంది. మూడూ నాకు హాస్టల్ నేర్పినవే. కింద ఒక వాక్యం ఉంది: మంచు చిరుత వల్ల జరిగే నష్టాన్ని ఊళ్లు ఎలా పంచుకుంటున్నాయో దగ్గర్నుంచి చూడొచ్చు అని. మామ ప్రశ్నకి ఎవరో ఎక్కడో సమాధానం వెతుకుతున్నారన్నమాట. ఇంట్లో ఒప్పించడానికి వారం పట్టింది.

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైలు, అక్కడి నుంచి సిమ్లా, రికాంగ్ పియో మీదుగా కాజాకి బస్సు. స్పితి అంటే నడిమి నేల అని అర్థమట, భారత్‌కీ టిబెట్‌కీ మధ్యలో ఉన్నది. హిమాలయాలకి అవతలి పక్క కావడంతో వానలు దాదాపు ఉండవు, చెట్లు కనపడవు. అనంతపురం కొండల్ని నాలుగు కిలోమీటర్లు పైకి లేపి, మీద మంచు చల్లితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాజాలో రెండు రోజులు ఏ పనీ చేయొద్దన్నారు. ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడాలట. బూట్ల లేసులు కట్టుకుంటేనే ఆయాసం వచ్చింది.

మేమున్న ఊరు కిబ్బర్‌కి దగ్గర్లోని ఒక చిన్న పల్లె. కిబ్బర్ సుమారు 4,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడివాళ్ల సంపాదన పచ్చి బఠాణీ, బార్లీ, పశువులు. ఇప్పుడు కొంత టూరిజం. గొర్రెలు, మేకల్ని రోజూ కొండకి తోలుకెళ్తారు. ఇళ్లవాళ్లు వంతులవారీగా కాపలా వెళ్తారు. యాక్‌లని మాత్రం ఎండాకాలమంతా పై మేతభూముల్లో వదిలేస్తారు. చిరుతకీ తోడేలుకీ దొరికేవి ఎక్కువగా అక్కడే.

ఇంతకీ నష్టం ఎంత? దీన్ని సరిగ్గా లెక్కేసిన మనిషి చారుదత్ మిశ్రా. 1990ల్లో ఆయన కిబ్బర్ అభయారణ్యం పరిధిలోని ఊళ్లలో ఉండి పరిశోధన చేశాడు. 1997లో వచ్చిన ఆయన పేపర్ ప్రకారం 18 నెలల్లో ఆ ఊళ్ల పశువుల్లో 18 శాతాన్ని చిరుతలు, తోడేళ్లు చంపాయని జనం చెప్పారు. వంద పశువుల్లో పద్దెనిమిది. సర్కారు పరిహారంగా చేతికి వచ్చింది అందులో చాలా చిన్న భాగం. మామ గుర్తొచ్చాడు. అలాంటప్పుడు ఆ ఊళ్లలో ఎవరైనా చిరుత మీద పగ తీర్చుకుంటే నేను తప్పు పట్టలేను.

లెక్క తేలాక మిశ్రా, మైసూరు కేంద్రంగా పనిచేసే నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌లోని ఆయన సహచరులు ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడారు. అందులోంచి వచ్చిన పనులు మూడు. మన సీఎస్ భాషలో చెప్పాలంటే మూడు మాడ్యూల్స్ అనుకోండి.

మొదటిది మేతభూమి. అడవి గొర్రెలకి గడ్డి మిగిలితే చిరుతకి తిండి దొరుకుతుంది కదా. 1998 ప్రాంతంలో కిబ్బర్ ఊరు తన మేతభూమిలో దాదాపు 5 చదరపు కిలోమీటర్లు పశువుల్ని తోలకుండా వదిలేయడానికి ఒప్పుకుంది. బదులుగా ఊరికి డబ్బు వస్తుంది. కాపలావాళ్లని కూడా ఆ ఊరివాళ్లలోంచే పెట్టుకున్నారు. అక్కడ నీలి గొర్రెలు పెరిగాయి. తర్వాత ఆ భూమిని సుమారు 20 చదరపు కిలోమీటర్లకి పెంచారు.

రెండోది బీమా. 2002లో కిబ్బర్‌లో మొదలైంది. పశువుల యజమానులు తలా ఇంత ప్రీమియం కడతారు. మొదట్లో బయటి నుంచి కొంత సాయం కలిపారు. చిరుత యాక్‌ని చంపితే ఆ నిధిలోంచి డబ్బు ఇస్తారు. నడిపేది ఊరి కమిటీయే. దీన్ని ఒక ఇంజనీరు కళ్లతో చూస్తే భలే డిజైన్ అనిపిస్తుంది. మామూలు బీమాలో పెద్ద తలనొప్పి దొంగ క్లెయిములు. జబ్బుతో పోయిన పశువుని చూపించి చిరుత చంపిందంటే బీమా కంపెనీకి ఏం తెలుస్తుంది? ఇక్కడ వెరిఫై చేసేది పక్కింటివాళ్లు. వాళ్ల డబ్బు కూడా అదే డబ్బాలో ఉంది. నీ యాక్ నిన్నటిదాకా కుంటుతోందని వాళ్లకి తెలుసు. కొండ మీద ఎవరి పశువు ఎక్కడ పడిందో మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోతుంది.

మూడోది దొడ్లు. చిరుత యాక్ దూడని పట్టుకుంటే ఒకటి పోతుంది. అదే రాత్రిపూట గొర్రెల దొడ్డిలోకి దూకిందంటే ఒకటితో ఆగదు. బయటికి పోయే దారిలేక గొర్రెలు అటూ ఇటూ పరిగెడుతుంటే కనపడ్డదాన్నల్లా చంపేస్తుంది. ఒక్క రాత్రిలో ఆ ఇంటి మంద మొత్తం పోవచ్చు. చిరుతని కొట్టి చంపడం ఎక్కువగా అలాంటి రాత్రి తర్వాతే జరుగుతుంది. దీనికి మందు చాలా మామూలుది: దొడ్డి పైకప్పుకి ఇనుప జాలీ, గట్టి తలుపు, కిటికీకి కమ్మీలు.

మా వాలంటీర్ పనిలో సగం ఈ జాలీలే. రోడ్డు దగ్గర ట్రక్కు దించిన జాలీ చుట్టల్ని ఊళ్లోకి మోసుకెళ్లాలి. అక్కడ చుట్ట విప్పి, కొలిచి, కట్ చేసి, దూలాలకి బిగించాలి. ఎక్కడ ఎంత ఖాళీ ఉంటే చిరుత దూరుతుందో ఊళ్లో ముసలాయన ఒకాయన తన మోచేతిని పెట్టి చూపించేవాడు. మేం టేపుతో కొలిచేలోపే ఆయన పని అయిపోయేది. నాలుగు రోజుల్లో మా బృందం రెండు దొడ్లు పూర్తిచేసింది. ఊళ్లో ఇద్దరు మనుషులైతే అదే పని రెండు రోజుల్లో చేసేవాళ్లని నా అంచనా. కానీ అది బఠాణీకి నీళ్లు పెట్టే కాలం. మంచు కరిగి కాలవలో వచ్చే నీళ్లని వంతు ప్రకారం పొలంలోకి తిప్పుకోవాలి. వంతు తప్పితే ఆ ఇంటి పంటకి దెబ్బ. మేం మోసిన ప్రతి చుట్ట వాళ్లకి ఒక పూట మిగిల్చింది. మా విలువ అంత. తక్కువ కాదు, మరీ ఎక్కువా కాదు.

మిగతా సగం పని ల్యాప్‌టాప్ మీద. కొండల్లో పెట్టిన కెమెరా ట్రాపుల కార్డులు కిందికి వస్తాయి. ఒక్కో కార్డులో వేల ఫొటోలు. గాలికి కదిలిన గడ్డి, ఎండకి వేడెక్కిన రాయి, ఊరి కుక్క, మళ్లీ గడ్డి. మెగాడిటెక్టర్ అనే ఓపెన్ సోర్స్ మోడల్ ఉంది. ఫొటోలో జంతువు, మనిషి, వాహనం ఉంటే గుర్తుపట్టి డబ్బా గీస్తుంది. ఖాళీ ఫొటోల్ని అది తీసేస్తుంటే నేను మిగతావి ఫోల్డర్లుగా సర్దే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. కరెంటు పోతూ వస్తూ ఉండేది. రాత్రి రన్ చేసి పడుకుంటే పొద్దున్నకి సగంలో ఆగి ఉండేది.

కానీ ఆ చిరుత ఏ చిరుత అన్నది మనిషే చూడాలి. మంచు చిరుత ఒంటి మీది మచ్చలు మన వేలిముద్రల్లాంటివి. ఎడమ పక్క మచ్చలు వేరు, కుడి పక్కవి వేరు. ఒకే చిరుతని రెండుగా లెక్కపెట్టేశామా, సంఖ్య పెరిగిపోతుంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, జూలలో ఉన్న చిరుతల ఫొటోలు ఇచ్చి పరీక్షిస్తే, ఇలాంటి పొరపాట్ల వల్ల లెక్క సగటున మూడో వంతు ఎక్కువ వచ్చింది. మన దేశం మొత్తం మీద జరిగిన మొదటి లెక్క 2024 జనవరిలో బయటికొచ్చింది: 718 మంచు చిరుతలు. అందులో లద్దాఖ్‌లో 477, హిమాచల్‌లో 51. తర్వాత 2025లో వెలువడిన హిమాచల్ సర్వేలో 83 అని తేలింది. ఆ సర్వేలో కెమెరాలు పెట్టడం నుంచి ఫొటోల్లో మచ్చలు పోల్చడం దాకా కిబ్బర్ మహిళలు కొందరు పనిచేశారు. చలికాలంలో మంచులో కొండలెక్కి కెమెరాలు పెట్టి వచ్చేది వాళ్లే. పనికి డబ్బు వస్తుంది. ఆ డబ్బు ఇంట్లో ఎవర్నీ అడగక్కర్లేని డబ్బు.

ఫొటోల దగ్గరే నాకు ఇంకో విషయం తెలిసింది. మోడల్ "మనిషి" అని గుర్తుపెట్టిన ఫొటోలు చాలా వచ్చాయి. పేడ ఏరుకునేవాళ్లు, మందని తోలేవాళ్లు, కొండ చాటున కాస్త నడుం వాల్చినవాళ్లు. ఊరివాళ్ల నియమం ఏంటంటే, మనుషుల ఫొటోలు ఎవరూ చూడకుండా ముందే తీసేయాలి. చిరుతని లెక్కపెట్టడానికి ఒప్పుకున్నాం, మమ్మల్ని చూడటానికి కాదు అని. నా స్క్రిప్ట్‌లో అన్నిటికంటే ముందు రన్ అయ్యే లైన్లు అవే. డేటా ప్రైవసీ మీద నేను విన్న గెస్ట్ లెక్చర్లన్నిటి కంటే ఇది బాగా ఎక్కింది.

మేమున్న ఇంటి పెద్దావిడని ఆమా అనేవాళ్లం. అక్కడ అమ్మని ఆమా అంటారు, కాబట్టి నాకు ఆ పిలుపు కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడలేదు. ఆమె హిందీ, నా హైదరాబాదీ హిందీ రెండూ అంతంతమాత్రమే కాబట్టి బాగా అర్థమయ్యేవి. ఒక సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఉప్పు టీ తాగుతూ అడిగాను, "ఆమా, మీకు షెన్ అంటే ఇష్టమా?" అని. షెన్ అంటే వాళ్ల భాషలో మంచు చిరుత.

ఆమె చాలాసేపు పొయ్యిలో పేడముక్కలు సర్దింది. తర్వాత చెప్పింది. ఇష్టమేంటి, అది దొంగ. కానీ ఈ కొండలు దానివి కూడా. మునుపు దాని దొంగతనం ఒక్క ఇంటి మీద పడేది, ఇప్పుడు అందరి మీదా కాస్త కాస్త పడుతోంది, అందుకని తట్టుకోగలుగుతున్నాం అంది. చివర్లో నా వైపు చూసి నవ్వుతూ, "నువ్వు పదిహేను రోజుల్లో వెళ్లిపోతావు. షెన్ ఇక్కడే ఉంటుంది, మేమూ ఇక్కడే ఉంటాం" అంది.

ఆ మాట మా వాలంటీర్లందరూ వినాల్సిందే అనిపించింది. మేం తిన్న బియ్యం కింది నుంచి రావాలి. మేం వాడిన నీళ్లు ఎవరో మోసినవి. మాలో ఒకతనికి రోజూ రీల్ పడకపోతే తోచేది కాదు. పదిహేను రోజుల వాలంటీర్ల వల్ల చిరుతలు బతకవు. ఊరివాళ్లు ఇరవై ఏళ్లకి పైగా ప్రీమియం కడుతూ, కమిటీలో పోట్లాడుకుంటూ, మళ్లీ కలిసి కడుతూ ఉండబట్టి బతుకుతున్నాయి. మనం వెళ్తే ఆ గొలుసులో ఎక్కడో ఒక చిన్న పని దొరుకుతుంది. అది చేసి రావాలి, అంతే.

ఇదంతా విని అక్కడ సమస్య తీరిపోయిందనుకోకండి. చిక్కు ఇంకా ఉంది. అడవి గొర్రెలు పెరిగితే చిరుత ఊరి పశువుల జోలికి రాదని అనుకుంటాం కదా? స్పితిలోనే పనిచేసే కుల్‌భూషణ్‌సింగ్ సూర్యవంశీ, ఆయన సహచరుల పరిశోధన వేరేలా చెప్పింది. అడవి గొర్రెలు పెరిగితే చిరుతలు కూడా పెరుగుతాయి, అప్పుడు ఊరి పశువుల నష్టం కూడా పెరగొచ్చు అని. అంటే కాపాడటంలో గెలిచినకొద్దీ బిల్లు పెరుగుతుంది. అందుకే మేతభూమి ఒక్కటే చాలదు. బీమా, జాలీ కూడా పక్కనే ఉండాలి. మూడు మాడ్యూల్స్‌లో ఒకటి తీసేస్తే సిస్టమ్ క్రాష్ అవుతుంది.

తిరిగొచ్చాక మామకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఆయన తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు గానీ అడిగిన ప్రశ్నలు మన వైవాలో ఎవరూ అడగరు.

"ఆడ అందరి యాకులూ ఒకే కొండకి పోతాయా?"

"అవును మామా."

"అయితే అందరికీ భయమే. అందరూ కడతారు. మా వూర్లో అడివి పక్కనుండే మడులు కొన్నే. చెరువు కింద మడి ఉండేవోడు నాకోసరం ఎందుకు కట్టల్ల? వాడి కాడికి యేనుగు రాదు గదా."

నేను ఆలోచిస్తుంటే ఆయనే మళ్లీ అన్నాడు, "ఇంగోటి. యాకు పోతే ఒకటి పోతాది. యేనుగు దిగితే యెకరా పోతాది. ఒక్కోసారి మనిషే పోతాడు. దానికెంత కట్టాల్నో లెక్కెయ్యి."

ఆయన చెప్పింది నిజం. స్పితి పద్ధతిని కాపీ పేస్ట్ చేస్తే పలమనేరులో పనిచేయదు. బీమా నిలబడాలంటే ప్రమాదం అందరికీ ఉండాలి, లేదా ప్రమాదం లేనివాళ్లు కూడా కట్టడానికి ఒప్పుకోవాలి. ఏనుగు విషయంలో ఆ రెండోవాళ్లు ఎవరు? చెరువు కింద రైతు కంటే ముందు మనమే అని నాకనిపిస్తోంది. ఏనుగు పిల్ల వీడియో వస్తే గ్రూపులో పంపేది మనం. వినాయకుడి పందిరికి చందా ఇచ్చేది మనం. ఏనుగులు ఉండాలని కోరుకునేది మనం, రాత్రి టార్చ్ పట్టుకుని మడి దగ్గర కాపలా కాసేది మామ. ఆయన అడిగిన "ఊరంతా"లో ఊరికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనం కూడా లెక్కలోకి రావాలి.

ఎలా అన్నది నాకు ఇంకా తేలలేదు. అయితే కిబ్బర్‌లో అన్నిటికంటే ముందు జరిగింది లెక్కపెట్టడం. పద్దెనిమిది శాతం అన్న అంకె వచ్చాకే మిగతా మాటలన్నీ మొదలయ్యాయి. మా మామ ఊళ్లో ఏ మడిలో, ఏ నెలలో, ఎంత పోయిందో ఒక్కచోట రాసి ఉన్న కాగితమే లేదు. అందుకని ఫోన్లో తెలుగులో నింపగలిగే చిన్న ఫారం ఒకటి తయారుచేశాను: తేదీ, పంట, ఎంత నేల, ఒక ఫొటో. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, తర్వాత అప్‌లోడ్ అవుతుంది. ఎవరి వివరాలు ఎవరికి కనపడాలన్నది ఊరివాళ్లే చెప్పాలి. ఆ సెట్టింగ్ ఖాళీగా ఉంచాను.

దసరా సెలవుల్లో వెళ్లి ఇంటింటికీ తిరిగి పాత మూడేళ్ల నష్టం రాసుకోవాలని ప్లాన్. ఇద్దరు తోడు కావాలి. కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు, ఓపిగ్గా వినడం, తెలుగులో టైప్ చేయడం వస్తే చాలు. భోజనం మా అత్త చూసుకుంటుంది, రాగిసంగటి గ్యారంటీ. ఆసక్తి ఉన్నవాళ్లు క్లబ్ మీటింగ్‌లో నన్ను కలవండి.

మామకి ఈ సంగతి చెబితే రమ్మన్నాడు. ఒక్క షరతు పెట్టాడు: "పొద్దున బస్సుకే రండి. సాయంత్రం ఆరు దాటితే ఆ దారి యేనుగులది."